నొక్కిన పేరు ఒకటి, తెరుచుకున్న ఫైలు మరొకటి: ఒక ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్ కేస్ స్టడీ

కంప్యూటర్ తెర ముందు కూర్చున్న మనిషి చూపు ఎక్కడ ఆగుతుంది, ఏది గుర్తుంటుంది, ఏది జారిపోతుంది, చేయి ఏ అలవాటుతో కదులుతుంది, ఎదురుగా పాతికమంది నిలబడి ఉంటే ఆ అలవాటు ఎలా మారుతుంది అన్నవి గమనించి, అందుకు తగినట్టు తెరలను రూపొందించడంలో సాఫ్ట్‌వేర్ సంస్థలకు సాయపడటం నా వృత్తి. హ్యూమన్ ఫ్యాక్టర్స్ అన్న పేరుతోనే ఇది మన దగ్గరా చెలామణిలో ఉంది. ఇక్కడ రాస్తున్నది కోస్తా ఆంధ్రలోని ఒక పట్టణంలో, ఒక ప్రైవేటు ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో చేసిన పని గురించి. ఆసుపత్రిని, సాఫ్ట్‌వేర్ సంస్థను, రోగులను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను. లెక్కలు బయటపెట్టకూడదని ఆసుపత్రితో ఒప్పందం ఉంది కనుక, ఎన్ని పొరపాట్లు ఎన్నికి తగ్గాయన్న అంకెలు ఇందులో ఉండవు. ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం వీలైనంత వివరంగా రాస్తాను.

నేపథ్యం

ఆసుపత్రిలో 150 పడకలు ఉన్నాయి. చుట్టూ ఉన్న నాలుగైదు మండలాల పల్లెల నుంచి రోగులు వస్తారు. ఓపీ చీటీలు ఇచ్చే కౌంటర్లు మూడు. వాటి దగ్గర మారుతూ పనిచేసేవారు ఆరుగురు, ఎక్కువమంది డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిలు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా వాళ్ళకు ఊపిరి సలపదు. రెండు దాటితే పేపరు చదువుకునేంత తీరిక. సాఫ్ట్‌వేర్‌ను చూపించడానికీ, శిక్షణ ఇవ్వడానికీ, పరీక్షించడానికీ అందరూ ఎంచుకునేది ఆ తీరిక వేళనే కనుక, ఉదయం పూట ఆ తెర ఎలా ప్రవర్తిస్తుందో దాన్ని రాసినవారు ఏనాడూ చూడలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ మొదట ఒక నగరంలోని రోగనిర్ధారణ కేంద్రం కోసం రాసినది. అక్కడికి వచ్చేవారు డాక్టరు చీటీ తెస్తారు, రక్తం ఇస్తారు, రిపోర్టు తీసుకుని వెళ్ళిపోతారు. ఒకే మనిషి పదేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ రావడం అక్కడ అరుదు, పల్లెలకు పెద్దదిక్కుగా ఉన్న ఆసుపత్రిలో అదే మామూలు. రోగికి ఒక నంబరు కేటాయించి, అది ముద్రించిన కార్డు చేతిలో పెడతారు గానీ, ఆ కార్డు తిరిగి కౌంటర్ దాకా రావడం తక్కువ. అది లేనప్పుడు పేరుతో వెతకాలి. వెతికే తెరలో మొదటి పేరు, చివరి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, చిట్టచివర చిరునామా అనే గళ్ళు ఆ వరుసలోనే ఉండేవి. మన పేర్లలో ఏది మొదటిది, ఏది చివరిది అని అడిగితే ముగ్గురు ఉద్యోగినులు మూడు జవాబులు చెప్పారు. ఇంటిపేరు ముందు వస్తుంది కనుక అదే మొదటి పేరని ఒకరు, పాస్‌పోర్టులో ఇంటిపేరును వేరుగా రాస్తారు కనుక అది చివరి పేరని ఇంకొకరు, ఇంటిపేరుకు ఒక్క అక్షరం వేస్తే చాలని మూడో ఆమె. ముగ్గురూ తమ తమ పద్ధతిని ఏళ్ళ తరబడి నిష్ఠగా పాటిస్తూ వచ్చారు.

నేను వెళ్ళడానికి రెండేళ్ళ ముందు ఆసుపత్రివారు పక్క పట్టణంలో ఒక శాఖ తెరిచి, రెండుచోట్ల రికార్డులూ ఒకే వెతుకులాటలో కనిపించేలా కలిపించారు. అప్పట్లో ఇది ఎవరికీ పెద్ద మార్పుగా తోచలేదు.

వచ్చిన సమస్య

ఒక ఇంట్లో తోడికోడళ్ళిద్దరు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, ఊరూ ఒకటే, ఇచ్చిన ఫోన్ నంబరూ ఒకటే, అది పెద్దామె భర్తది. ఇద్దరి పేర్లూ ‘వెంకట’తోనే మొదలవుతాయి. పెద్దామెకు చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. చిన్నామె జ్వరంతో వచ్చి ఆసుపత్రిలో చేరింది. కౌంటర్‌లో చిన్నామె ఫైలుకు బదులు పెద్దామె ఫైలు తెరుచుకుంది, చీటీ ఆ నంబరుతోనే వచ్చింది, వార్డుకు చేరేసరికి పాత మందుల పట్టికలోని ఇన్సులిన్ కొత్త కేసు షీటు మీదికి ఎక్కింది. ఇంజెక్షన్ తీసుకుని వెళ్ళిన నర్సు, అలవాటు కొద్దీ, “ఇంటి దగ్గర షుగర్ మందు ఎప్పుడు వేసుకున్నావమ్మా?” అని అడిగింది. “నాకు షుగరెక్కడిదమ్మా, అది మా అక్కకి” అని ఆమె జవాబు చెప్పడంతో చేయి ఆగింది. ఎవరికీ ఏ హానీ జరగలేదు.

విచారణ జరిగింది. కౌంటర్‌లో ఆ ఉదయం పనిచేసిన అమ్మాయికి మెమో ఇచ్చారు. “నేను సరైన పేరే నొక్కాను సార్” అని ఆమె మేనేజర్‌కూ చెప్పింది, తర్వాత నాకూ చెప్పింది. మేనేజర్ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. మెమో అందుకున్నవారు ఎవరైనా అలాగే అంటారనుకుని, ఆ మాటను నా పుస్తకంలో రాసుకుని పక్కన పెట్టాను.

నాకు అప్పగించిన పని “సిబ్బంది అజాగ్రత్తను తగ్గించే శిక్షణ” రూపొందించడం. దానికి ముందు రికార్డుల విభాగంలో ఒక పూట కూర్చుంటే, సమస్య ఒకటి కాదు, రెండని తేలింది. ఒకే మనిషికి రెండు మూడు ఫైళ్ళు ఉండటం ఒకటి. ఒకరి వివరాలు ఇంకొకరి ఫైలులో చేరడం మరొకటి. మొదటిది ప్రతిరోజూ జరుగుతుంది. దానివల్ల పాత రిపోర్టులు, పడని మందుల సమాచారం డాక్టరుకు కనబడకుండా పోతాయి. రెండోది అరుదు, ప్రాణాంతకం. ఈ రెంటికీ మందు ఒకటే అనుకుంటే పెద్ద పొరపాటు అవుతుంది. వెతుకులాటను కాస్త వదులు చేసి, పోలిక ఉన్న పేర్లన్నిటినీ చూపిస్తే మొదటి రకం తగ్గుతుంది గానీ, జాబితా పొడవై రెండో రకం పెరుగుతుంది. అక్షరం తేడా లేకుండా సరిపోయినవే చూపిస్తే రెండోది తగ్గి మొదటిది పెరుగుతుంది. ఈ తరాజు చివరిదాకా నా కళ్ళముందే ఉంది.

నాకంటే ముందు చేసినవి

ఆసుపత్రివారు ఊరకే కూర్చోలేదు. రెండుసార్లు శిక్షణ ఇప్పించారు. ఆ తర్వాత తెరలోని గళ్ళన్నీ తప్పనిసరి చేయించారు: పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఇవ్వనిదే తెర ముందుకు కదలదు. వివరాలు ఎక్కువుంటే మనిషిని గుర్తించడం తేలికవుతుందన్నది వారి తర్కం. కాగితం మీద అది సరైనదే. కౌంటర్ ముందు నిలబడినది మాత్రం “ఉప్పెన వచ్చిన ఏడాదికి మా పెద్దోడు చంకపిల్లాడు” అని తన వయసును 1977 దివిసీమ ఉప్పెనతో ముడిపెట్టి చెప్పే మామ్మగారు. ఆధార్ కార్డుల్లోనే కొందరికి తేదీ లేకుండా పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. తెర తేదీ కోసం పట్టుబట్టింది కనుక ఆ మండలాల్లోని పెద్దవాళ్ళందరూ జనవరి 1న పుట్టారు. ఫోన్ లేనివారందరి నంబరూ పది తొమ్మిదులు. ఖాళీగా ఉన్న గడి కనీసం అబద్ధం చెప్పదు. బలవంతాన నింపించిన గడి అబద్ధాన్ని నిజంలాగా దాచిపెడుతుంది, ఆపైన వెతుకులాట దాన్ని నమ్ముతుంది.

శిక్షణ ఎందుకు పనిచేయలేదో మేనేజ్‌మెంట్‌కు చెప్పడం నా మొదటి పని అయింది. పొరపాట్లలో రెండు జాతులున్నాయని డొనాల్డ్ నార్మన్, జేమ్స్ రీజన్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు. ఏం చేయాలో తెలియక లేదా తప్పుగా తెలిసి చేసేది ఒకటి. ఏం చేయాలో సరిగ్గా తెలిసి, చేసే క్షణంలో చేయో చూపో జారడం మరొకటి. శిక్షణ మొదటిదానికి మందు. తోడికోడళ్ళిద్దరూ వేరని తెలిసిన అమ్మాయికి “ఇద్దరూ వేరు” అని మళ్ళీ నేర్పి ప్రయోజనం లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బి-17 విమానాలు క్షేమంగా నేలకు దిగాక, రెక్కల ఫ్లాప్‌లను ఎత్తబోయి పైలట్లు చక్రాలను లోపలికి లాగేసేవారు. అది పైలట్ల అజాగ్రత్తగానే నమోదైంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫోన్స్ చపానిస్ వెళ్ళి చూస్తే ఆ రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. ఒకదాని కొసకు చక్రం ఆకారం, రెండోదానికి ఫ్లాప్ ఆకారం తగిలించడం ఆయన సూచించిన మార్పు. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ‘పైలట్ తప్పిదం’ అని ముద్రపడిన 460 అనుభవాలను సేకరించి, వాటిలో ఎన్నిటికో మూలం మీటల అమరికలోనే ఉందని చూపారు. ఈ కథ చెప్పాక ఆసుపత్రి డైరెక్టరుగారు ఒక్కటే అడిగారు: “అయితే మా దగ్గర ఆ మీటలేవి?” ఆ పూట నా దగ్గర జవాబు లేదు.

నా సలహా, దాని ఫలితం

జవాబు దొరికేలోగా ఏదో ఒక అడ్డుకట్ట వేయాలన్న తొందరలో, ఫైలు తెరిచే ముందు “ఈ రోగి వివరాలు సరిచూశారా?” అని అడిగే ఒక పెట్టెను పెట్టించమని నేనే సలహా ఇచ్చాను. అది పనిచేయదని చదువుకున్నవాణ్ణే. అయినా ఏమీ చేయకపోవడం కంటే నయమనుకున్నాను. రెండో వారానికల్లా ఆ పెట్టె తెరమీద పూర్తిగా కనిపించకముందే ఎంటర్ మీట మీద వేలు పడుతోంది. రోజుకు వందలసార్లు వచ్చి, దాదాపు ప్రతిసారీ “అవును” అన్నదే సరైన జవాబయ్యే ప్రశ్నను మనిషి చదవడు, చదవలేడు.

ఇందుకు వైద్యరంగంలోనే ఘోరమైన ఉదాహరణ ఉంది. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరు సందర్భాల్లో రోగులకు మితిమీరిన మోతాదు ఇచ్చింది. అసలు లోపం సాఫ్ట్‌వేర్‌లోది. కానీ ఆ యంత్రం రోజూ ఏదో ఒక అర్థంకాని సందేశం ఇచ్చి ఆగుతూ ఉండటం, ‘పి’ మీట నొక్కితే మళ్ళీ నడవడం ఆపరేటర్లకు అలవాటైపోయింది కనుక, ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చిన రోజునా అదే మీట నొక్కారు. మా పెట్టె వల్ల ఇంకో నష్టమూ జరిగింది: పొరపాటు జరిగితే “నువ్వే సరిచూశానని నొక్కావుగా” అనడానికి ఆధారం దొరికింది. మూడో వారంలో దాన్ని తీసేయించాను. పెట్టించమన్నది నేనే అని నివేదికలోనూ రాశాను.

కౌంటర్ వెనక ఐదు రోజులు

ఆ తర్వాతే నేను మొదట చేయవలసిన పని చేశాను. ఐదు రోజులు, ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా, ఆ అమ్మాయిల వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. చేసే పనిని చేస్తూనే పైకి చెప్పమనే పద్ధతి మా వృత్తిలో బాగా వాడుకలో ఉంది. అది ఇక్కడ సాగలేదు, ఎందుకంటే ఆ అమ్మాయి నోరు రోగితో మాట్లాడటంలో ఉంది. అందుకని ఆసుపత్రి అనుమతితో తెరను మాత్రం రికార్డు చేసి, మధ్యాహ్నం తీరికలో అదే తెరను తిప్పి చూపిస్తూ “ఇక్కడ ఏమనుకున్నావమ్మా?” అని అడిగాను. ఆ రికార్డులు ఆసుపత్రి కంప్యూటర్ దాటి బయటికి రాలేదు, పని ముగియగానే చెరిపేశాం.

అంతకుముందు, ఒక సాఫ్ట్‌వేర్ వాడటానికి ఎంత తేలికో కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి అందరికీ ఇచ్చాను. పాత సాఫ్ట్‌వేర్‌కు బ్రహ్మాండమైన మార్కులు వచ్చాయి. కాగితాలు పంచింది మేనేజర్ సహాయకుడు, వసూలు చేసింది ఆయనే. పైవారి చేతికి వెళ్ళే కాగితం మీద మనవాళ్ళెవరూ “ఇది బాగాలేదు” అని టిక్కు పెట్టరు. పైగా అందులో ఒక వాక్యం మెచ్చుకోలుగా, తర్వాతిది తెగడ్తగా, మార్చి మార్చి ఉంటాయి. చదవకుండా ఒకే వరుసలో టిక్కులు పెట్టినవారి జవాబులు ఒకదాన్నొకటి కొట్టుకుపోయాయి. ఆ మార్కులను పక్కన పెట్టేశాను.

రెండో రోజున ఒక లాంగ్ నోటుబుక్కు కంటపడింది. కీబోర్డు కింద సొరుగులో ఉంది. నన్ను చూసి ఆ అమ్మాయి సొరుగు మూయబోయింది. మేనేజర్‌కు చెప్పనని మాట ఇచ్చాక తీసి చూపించింది. పేజీకి ఒక ఊరు. ఊరి పేరు కింద తరచూ వచ్చేవారి పేర్లు, పక్కన ‘ఫలానావారి కోడలు’, ‘రేషన్ డీలరు తల్లి’ వంటి గుర్తులు, వాటి పక్కన రోగి నంబరు. నాలుగేళ్ళుగా రాస్తున్న పుస్తకం. ఉదయం రద్దీలో సాఫ్ట్‌వేర్ వెతుకులాట కంటే ఆ పుస్తకమే తొందరగా దొరకబుచ్చుతోంది. ఆ తర్వాత నేను తెరను వదిలి మాటలు వినడం మొదలుపెట్టాను. కౌంటర్ దగ్గరికి ఎవరొచ్చినా అడిగే మొదటి ప్రశ్న “ఏ ఊరు బాబాయ్?” అనే. రెండోది “ఎవరి తాలూకు?” అని. పేరు మూడోది, వయసు చూసి అంచనా. తెర అడిగే క్రమం దీనికి సరిగ్గా తలకిందులు: పేరు మొదట, ఊరు చిట్టచివర, అదీ వెతకడానికి పనికిరాని చిరునామా గడిలో. సంభాషణలో ముందే వచ్చేసిన సమాచారాన్ని ఆ అమ్మాయి మనసులో మోస్తూ, తెర అడిగినదాన్ని రోగి నుంచి మళ్ళీ రాబట్టవలసి వచ్చేది. వెనక వరుస పెరిగేకొద్దీ, వెతకడం మానేసి కొత్త ఫైలు తెరవడమే తక్కువ సమయం పట్టే పని. దాన్ని బద్ధకమని అనలేం. అక్కడ కూర్చుంటే నేనూ అదే చేస్తాను.

మూడో రోజున జాబితా సంగతి అర్థమైంది. ఫోన్ నంబరుతో వెతికితే ఇంటిల్లిపాదీ వస్తారు, ఎందుకంటే పల్లెలో ఫోన్ నంబరు మనిషిది అవడం కంటే ఇంటిది అవడమే ఎక్కువ. పేరు గడి ఇరుకుది. పట్టని అక్షరాలను కోసేసి మూడు చుక్కలు పెడుతుంది. ఇంగ్లీషు పేర్లలో ఆ కోత కుటుంబం పేరు మీద పడుతుంది కనుక నష్టం తక్కువ. మనకు ఇంటిపేరు ముందు, దాని వెనక ‘వెంకట’ లేదా ‘సత్య’, ఆ తర్వాత గానీ అసలు పిలుపు రాదు. మనిషిని మనిషి నుంచి వేరుచేసే భాగాన్నే ఆ తెర కోసేస్తోంది. తోడికోడళ్ళిద్దరి వరుసలూ ఆ జాబితాలో అక్షరం తేడా లేకుండా ఒకేలా కనిపించాయి. డైరెక్టరుగారు అడిగిన మీటలు ఇవే.

ఇంతటితో కారణం దొరికిందనుకుని ఉంటే ఆ అమ్మాయికి అన్యాయం చేసేవాణ్ణి. నాలుగో రోజు మధ్యాహ్నం రికార్డు చూస్తుండగా, వేరే కౌంటర్‌లో వేరే అమ్మాయి మూడో వరుస మీద నొక్కితే రెండో వరుసలో ఉన్న ఫైలు తెరుచుకుంది. మళ్ళీ మళ్ళీ వేసి చూశాం, నెమ్మదిగా నడిపి చూశాం. బాణం గుర్తు వరుస మీదికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక పేరు ఉంది. వేలు దిగేలోపు జాబితా ఒక మెట్టు కిందికి జరిగింది. ఇక్కడి సర్వర్ నుంచి వచ్చిన పేర్లను తెర వెంటనే చూపిస్తుంది, పక్క పట్టణం శాఖ నుంచి పేర్లు కాస్త ఆలస్యంగా వస్తాయి, వచ్చినవాటిని అక్షరక్రమం ప్రకారం మధ్యలో ఇరికిస్తుంది. ఆలస్యం ఎంతన్నది నెట్‌వర్క్ మీద ఉన్న బరువును బట్టి మారుతుంది. తీరిక వేళ పేర్లన్నీ ఒకేసారి వచ్చినట్టే ఉంటాయి కనుక పరీక్షల్లో ఇది ఏనాడూ బయటపడలేదు. రద్దీ వేళ, మనిషి చేయి అత్యంత వేగంగా కదిలే సమయంలో, జాబితా కదులుతుంది. “నేను సరైన పేరే నొక్కాను సార్” అన్న మాట అక్షరాలా నిజమై ఉండవచ్చు. తోడికోడళ్ళ సంఘటనలో జరిగింది కోసిన పేర్ల వల్లనో, జరిగిన వరుస వల్లనో ఖాయంగా చెప్పే ఆధారం మిగల్లేదు. నివేదికలో రెండూ రాసి, మెమో వెనక్కి తీసుకోమని కోరాను. తీసుకున్నారు.

మార్చినవి

జాబితా విషయంలో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకసారి చూపించిన వరుస మళ్ళీ కదలకూడదు. ఆలస్యంగా వచ్చిన పేర్లు అడుగున, గీత కింద, విడిగా చేరాలి. పేరును కోయకూడదు, పట్టకపోతే రెండో పంక్తికి దిగాలి. పిలుపు పేరు ముందు పెద్ద అక్షరాల్లో, ఇంటిపేరు తర్వాత మామూలు అక్షరాల్లో. పక్కన వయసు, ఆడో మగో, తండ్రి లేదా భర్త పేరు, చివరిగా వచ్చింది ఎప్పుడు, ఏ డాక్టరు దగ్గరికి. వరుసల ఎత్తు పెంచాం. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే చేయి అంత ఆలస్యంగా చేరుతుందని 1954లో ఫిట్స్ ఇచ్చిన సూత్రం ఇలాంటిచోట్ల ఇప్పటికీ అక్కరకొస్తుంది. దీనివల్ల ఒక తెరలో ఇదివరకు ఇరవై పేర్లు పట్టేచోట ఎనిమిదే పట్టాయి. సాఫ్ట్‌వేర్ సంస్థవారు అభ్యంతరం చెప్పారు. జాబితా ఎనిమిది దాటుతోందంటే వెతుకులాటే సరిగా లేదని అర్థం, కనుక ముందు దాన్ని బాగుచేద్దామన్నది నా జవాబు.

వెతుకులాటకు నోటుబుక్కునే నమూనాగా తీసుకున్నాం. మొదటి గడి ఊరు, రెండోది పేరు, మూడోది వయసు, అదీ సుమారుగా. మొదటి పేరు, చివరి పేరు అన్న గళ్ళు తీసేసి ఇంటిపేరు, పేరు అని తెలుగులోనే రాశాం. పుట్టిన తేదీ తెలిస్తే వేయవచ్చు. తెలియకపోతే ‘సుమారు 60’ అని వేస్తే తెర దాన్ని అంచనాగానే దాచుకుంటుంది, ఏటా పెంచుకుంటుంది. ఫోన్ లేదంటే ‘లేదు’ అని నొక్కే వీలు పెట్టాం.

పేరును పోల్చే పద్ధతి దగ్గర చాలా రోజులు పట్టింది. లక్ష్మిని ఇంగ్లీషు అక్షరాల్లో ‘కె ఎస్ హెచ్’తో ఒకరు, ‘ఎక్స్’తో ఇంకొకరు రాస్తారు. సుబ్బారావును కలిపి ఒకరు, విడదీసి ఒకరు. సాఫ్ట్‌వేర్ సంస్థవారు సౌండెక్స్ వాడదామన్నారు. ఒకేలా పలికే పేర్లను ఒకచోటికి చేర్చడానికి అమెరికాలో రాబర్ట్ రసెల్ 1918లో పేటెంటు పొందిన పద్ధతి అది. మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలేసి, దగ్గరి హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. లక్ష్మి రెండు రూపాలనూ అది చక్కగా కలుపుతుంది. కానీ రమణ, రమణి, రమణయ్య, రామ్మోహన్ నలుగురికీ దానిలో ఒకే గుర్తు వస్తుంది: ‘ఆర్ 550’. మన పేర్లలో ఆడా మగా తేడా చాలాసార్లు చివరి అచ్చులోనే ఉంటుంది; అచ్చును వదిలేసే పద్ధతి మనకు రెండో రకం ప్రమాదాన్ని పెంచుతుంది. జ్ఞానేశ్వర్‌ను ‘జె’తో రాసినవారినీ ‘జి’తో రాసినవారినీ మాత్రం మొదటి అక్షరం తేడా వల్ల అది కలపలేదు. కలపవలసినచోట విడదీసి, విడదీయవలసినచోట కలిపే పనిముట్టు ఎందుకు?

పేర్లను తెలుగు లిపిలోనే టైపు చేయించడం గురించీ ఆలోచించాం. ఆ అమ్మాయిలకు ఇంగ్లీషు అక్షరాల మీద వేలు వేగంగా నడుస్తుంది, ల్యాబ్ యంత్రాలు తెలుగు అక్షరాలను తీసుకోవు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పక్కన తెలుగు రూపం కనిపించి, రెండూ నిలవయ్యేలా చేశాం. పోలిక తెలుగు రూపం మీద జరుగుతుంది. హ్రస్వదీర్ఘాల తేడా, ఒత్తుల తేడా, త-థ, ద-ధ తేడా, శ-ష-స తేడా, పదాల మధ్య ఖాళీ, వీటిని పట్టించుకోదు. చివరి అచ్చును మాత్రం వదలదు. ఇందులో అనుకోని లాభం ఒకటి వచ్చింది. తెలుగు రూపాన్ని ఆ అమ్మాయి పైకి చదివితే రోగి అక్కడికక్కడే సరిదిద్దుతున్నారు. నా పెట్టె చేయలేకపోయిన పనిని ఆ చిన్న గడి చేసింది, ఎందుకంటే అది ఎవరినీ ఆపదు.

మేనేజ్‌మెంట్ మాత్రం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు, అంటే ఆభా సంఖ్యతో అన్నీ తీరిపోతాయని ఆశపడింది. 14 అంకెల సంఖ్యను గుర్తుంచుకుని చెప్పగల రోగి ఆ ఐదు రోజుల్లో నాకు కనబడలేదు. ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగలిగినవారికి ఆ దారి తెరిచి ఉంచాం. అది ఉంటే మేలు, లేనివారికి ఊరు ఉంది.

మేము చూసుకోని విషయం

కొత్త తెరను మొదట ఒక్క కౌంటర్‌లోనే, ఉదయం పూటే పెట్టించాను. అది నెమ్మదైన పద్ధతి, కానీ రెండో వారంలోనే ఒక లోపం బయటపడింది. గర్భిణుల విషయంలో రెండేసి ఫైళ్ళు మళ్ళీ పుట్టుకొస్తున్నాయి. తొలి పురుడుకు పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. అత్తవారి ఊరి పేరుతో నమోదైన అమ్మాయి ఏడో నెలలో తల్లితో వచ్చి, “ఏ ఊరమ్మా?” అంటే పుట్టింటి పేరు చెబుతుంది. అప్పటి ఇంటిపేరు వేరు, పట్టుకొచ్చిన ఫోన్ అన్నయ్యది. బీపీ ఎలా ఉందో, ఏ మందులు వాడుతోందో ఉన్న ఫైలు కనిపించకుండా పోవడానికి ఇంతకంటే చెడ్డ సమయం ఉండదు. నోటుబుక్కును తెరిచి చూస్తే ఇలాంటివారి పేర్లు రెండు ఊళ్ళ పేజీల్లోనూ ఉన్నాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం గీసి. నేను ఆ పుస్తకాన్ని ఫొటోలు తీసుకున్నాను, ఆ బాణాలను చూడలేదు. ఫైలుకు రెండు ఊళ్ళు, రెండు ఇంటిపేర్లు ఉండేలా మార్చి, ఆ తర్వాతే మిగతా రెండు కౌంటర్లకు ఇచ్చాం.

ఆ తర్వాత

ఆరు నెలల తర్వాత వెళ్ళినప్పుడు, కౌంటర్ నుంచి పుట్టిన రెండో రకం పొరపాటు ఒక్కటీ నమోదు కాలేదని రికార్డుల విభాగం చెప్పింది. దీన్ని నేను పెద్ద విజయంగా లెక్కించను. అరుదుగా జరిగేది ఆరు నెలలు జరగకపోవడం తెర గొప్పతనం కానక్కరలేదు. అమెరికా ఆసుపత్రుల్లో, వైద్యుడు ఒక రోగికి ఇచ్చిన ఆదేశాన్ని పది నిమిషాల్లోపు రద్దుచేసి, ఆపై పది నిమిషాల్లోపు అదే ఆదేశాన్ని మరో రోగికి ఇస్తే, మొదటిది పొరపాటున ఇచ్చినదిగా ఎంచే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని అనుసరించి, తెరిచిన వెంటనే మూసేసి అదే కౌంటర్‌లో పక్క ఫైలు తెరిచిన సందర్భాలను లెక్కించమన్నాను. వాటి తగ్గుదల మాత్రం స్పష్టంగా కనిపించింది. ఇలా దిద్దుకున్న పొరపాట్లను వ్యక్తుల పేర్లతో చూపించకూడదన్న షరతు పెట్టాను. చూపిస్తే ఆ లెక్క మరుసటి నెలకే సున్నా అవుతుంది, పొరపాట్లు అలాగే ఉంటాయి.

ఇప్పుడు నేను ఏ సంస్థకు వెళ్ళినా ప్రశ్నావళి పంచే ముందు సొరుగులు తెరిపిస్తాను, తెరల అంచులకు అంటించిన చీటీలు చదువుతాను. పరీక్షలు రద్దీ వేళకే పెట్టిస్తాను, లేదా నెట్‌వర్క్‌ను కావాలని నెమ్మదింపజేసి పెట్టిస్తాను.

పాత జంట ఫైళ్ళను ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. కొత్త పోలిక పద్ధతితో వాటిని కంప్యూటరే కలిపేయగలదని సాఫ్ట్‌వేర్ సంస్థ చెప్పింది, నేను వద్దన్నాను. జనవరి 1న పుట్టి, పది తొమ్మిదుల ఫోన్ ఉన్న ఇద్దరు సుబ్బమ్మలు ఒకరో ఇద్దరో ఆ రికార్డుల నుంచి తెలియదు; రెండు ఫైళ్ళను కలపడం నిమిషం పని, కలిపినవాటిని విడదీయడం దాదాపు అసాధ్యం. అందుకని అనుమానమున్న జంటలకు ఒక గుర్తు పెట్టాం. ఆ రోగి మళ్ళీ వచ్చినప్పుడు, వరుస తక్కువగా ఉంటే, కౌంటర్‌లో అమ్మాయి అడిగి కలుపుతుంది. మధ్యాహ్నాలు రోజుకు కొన్ని చొప్పున కలుస్తున్నాయి. నోటుబుక్కు ఇంకా సొరుగులోనే ఉంది. ఎందుకని అడిగితే, కరెంటు పోయినప్పటికి, అంది ఆ అమ్మాయి.